పంపినవారు, చూచినవారు, దాచినవారు: చిత్రోత్సవములకు చేరిన స్వల్పవ్యయ చిత్రముల చరిత్ర

చలనచిత్రముల చరిత్ర వ్రాయువారు సాధారణముగ నటీనటుల ప్రతిభను, నిర్మాణసంస్థల అభ్యుదయమును, సంగీతపు సొగసును ప్రధానముగ గ్రహింతురు. కొలది ధనముతో, పేరుపడిన తారలు లేక, స్టూడియోల అండ లేక తయారై, దేశాంతరములలోని చిత్రోత్సవములకు చేరిన చిత్రముల ప్రసక్తి వచ్చినప్పుడు, వారు బహుమానముల పట్టిక నొకదానిని చేర్చి ముగింతురు. బహుమానము ఫలితమే కాని చరిత్ర కాదు. ఆ ఫలితమునకు పూర్వము చిత్రము నడచిన దారి యొకటి యున్నది. పిమ్మట నడచిన దారి మరియొకటి యున్నది. ఈ రెండు దారులను కొన్ని ఉదాహరణముల మూలమున పరిశీలించుటయే ఈ వ్యాసమున మా ఉద్దేశము.

ఈ చిత్రములను గూర్చి రెండు అభిప్రాయములు లోకమున వ్యాపించి యున్నవి. విదేశీయులు మెచ్చుకొనుటచేతనే వీనికి ప్రతిష్ఠ కలిగినదని మొదటిది. విదేశీయుల మెప్పు కొరకే దేశదారిద్ర్యమును చూపుచు ఇవి నిర్మింపబడినవని రెండవది. ఒకటి పొగడ్తయు, ఒకటి నిందయు నైనను, రెండింటికిని మూల మొక్కటియే: ఉత్సవమే చిత్రమునకు కారణమను భావన. ఈ భావన ఎంతవరకు నిలుచునో తేల్చుటకు సిద్ధాంతములకంటె తేదీలే ఎక్కువ ఉపకరించును. కావున ప్రతి చిత్రమును గూర్చియు మేము మూడు ప్రశ్నలు వేయుచున్నాము. దీనిని పంపినవా రెవరు? చూచినవా రెవరు? దాచినవా రెవరు?

1. ఉత్సవముల వ్యవస్థ

చలనచిత్రములకై ఏర్పడిన అంతర్జాతీయోత్సవములలో వెనిస్ ఉత్సవము ప్రాచీనమైనది. అది 1932లో ఆరంభమయ్యెను. ప్రభాత్ సంస్థవారి మరాఠీ చిత్రము ‘సంత్ తుకారాం’ (1936) అచ్చట 1937లో గౌరవము పొందెను. ఐనను ప్రభాత్ సంస్థ సొంత స్టూడియో గల సంపన్నసంస్థ. ఆ విజయము స్వల్పవ్యయ చిత్రముల చరిత్రలోనికి రాదు. ఫ్రాన్సు దేశమున కాన్ నగరమున 1939 సెప్టెంబరు 1వ తేదీన మరియొక ఉత్సవము ఆరంభము కావలసి యుండెను. యుద్ధము వచ్చి దానిని ఆపివేసెను. అది తుదకు 1946 సెప్టెంబరు 20న ప్రారంభమయ్యెను.

ఇచ్చట ఒక నియమమును గుర్తింపవలెను. 1972 వరకు కాన్ ఉత్సవమున పోటీకి రాదగిన చిత్రములను ఆయా దేశములే ఎన్నుకొని పంపుచుండెను. అనగా నిర్మాత తన చిత్రమును సంచిలో పెట్టుకొని పోయి చూపుటకు వీలు లేదు. చిత్రము దేశమునకు ప్రతినిధియై పోవలెను. దేశముయొక్క పరువు ఆ చిత్రముమీద ఆధారపడినదని అధికారులు తలచుట ఈ నియమమునుండియే పుట్టినది. దారిద్ర్యమును చూపు చిత్రమునకు ప్రయాణానుమతి ఏల కష్టమయ్యెనో ఈ నియమము తెలిసినగాని బోధపడదు. 1968 నాటి అలజడి పిమ్మట ఫ్రెంచి దర్శకుల సంఘము 1969లో ‘దర్శకుల పక్షము’ అను ప్రత్యేకవిభాగమును నెలకొల్పెను. దానిలో చిత్రములను ఎన్నుకొనునది దేశము కాదు, నిర్వాహకులే. స్వల్పవ్యయ చిత్రములకు తెరువబడిన రెండవ ద్వార మిది. దీనిని గూర్చి తెలుగు ప్రసక్తి వచ్చినప్పుడు మరల చెప్పెదము.

2. పోయి తిరిగిరాని చిత్రము

కాన్ మొదటి ఉత్సవమునందే భారతీయచిత్ర మొకటి గ్రాన్ ప్రి బహుమానము నందెను. అది చేతన్ ఆనంద్ దర్శకత్వమున వెలువడిన ‘నీచా నగర్’. రష్యన్ రచయిత గోర్కీ నాటకము ‘అథోలోక’ము దీనికి ప్రేరణ. కథాకర్త హయాతుల్లా అన్సారీ. రచనలో ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ చేయి గలదు. సితారు విద్వాంసుడైన రవిశంకరుడు చలనచిత్రసంగీతమున అడుగుపెట్టినది ఈ కాలముననే. మిట్టమీది ధనికుని మురికికాలువ పల్లమునందలి పేదలవాడలోనికి మళ్లింపబడుటయు, దానివలన రోగములు వ్యాపించుటయు, ప్రజలు ఎదురు నిలుచుటయు ఇందలి ఇతివృత్తము.

బహుమానమును గూర్చి ఒక స్పష్టీకరణము అవసరము. ఆ సంవత్సరము గ్రాన్ ప్రి పదకొండు చిత్రములకు పంచబడెను. రోసెలీనీ ‘రోమ్ ఓపెన్ సిటీ’, డేవిడ్ లీన్ ‘బ్రీఫ్ ఎన్‌కౌంటర్’ ఆ పదకొండింటిలోనివే. అప్పటికి ఆ పురస్కారమే అత్యున్నతము. ‘గోల్డెన్ పామ్’ అను బహుమానము 1955లో గాని రాలేదు. కావున ‘నీచా నగర్’ పొందిన గౌరవమును తగ్గించి చెప్పుటయు, ఆ ఒక్క చిత్రమే గెలిచినదని పెంచి చెప్పుటయు రెండును దోషములే.

ఇంతటి గౌరవము పొందిన ఆ చిత్రము స్వదేశమున సరియైన పంపిణీ లేక సాధారణప్రేక్షకునికి దూరముగనే యుండిపోయెను. విదేశీయుల మెప్పే ప్రతిష్ఠకు కారణమను మొదటి అభిప్రాయము ఈ ఒక్క ఉదాహరణముతోనే సడలిపోవుచున్నది. బహుమానము వచ్చినది, ప్రేక్షకుడు రాలేదు. చిత్రమును పంపు దారి యుండినది. తిరిగివచ్చు దారి లేకపోయినది.

3. ఉత్సవము మన యింటికి వచ్చుట

స్వాతంత్ర్యానంతరము ఈ చరిత్ర మలుపు తిరిగినది 1952లో. ఆ సంవత్సరము జనవరి 24న బొంబాయిలో భారతదేశపు మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవము ప్రారంభమయ్యెను. పిమ్మట అది మద్రాసు, ఢిల్లీ, కలకత్తా నగరములకు వెడలెను. తెలుగువారి ‘పాతాళభైరవి’ (1951) ఈ ఉత్సవమున ప్రదర్శింపబడెను. కె. వి. రెడ్డిగారి దర్శకత్వమున విజయావారు నిర్మించిన ఆ చిత్రము జానపదకథకు సకల సామగ్రియు సమకూర్చిన స్టూడియోచిత్రము. అదే ఉత్సవమున ఇటలీనుండి వచ్చిన ‘బైసికిల్ థీవ్స్’ వంటి చిత్రములలో స్టూడియో లేదు. వీధియే రంగస్థలము, పామరుడే పాత్రధారి.

ఈ రెండు మార్గములలో ఒకటి గొప్పది, ఒకటి కొద్దిది అని మా అభిప్రాయము కాదు. అయితే డబ్బు లేని యువకునికి మొదటి మార్గము మూయబడినది. రెండవది తెరచియున్నదని ఆ ఉత్సవము చూపినది. బిమల్ రాయ్ ‘దో బీఘా జమీన్’ (1953) ఈ రెండవ మార్గముయొక్క ప్రభావమునకు సాక్ష్యము. అది 1954లో కాన్ నగరమున అంతర్జాతీయ బహుమానము పొందెను. కలకత్తాలో ఒక ప్రకటనల సంస్థయందు చిత్రకారుడుగ నుద్యోగించుచున్న సత్యజిత్ రే మాత్రము ఈ ఉత్సవమునకు ముందే ఆ పాఠమును నేర్చియుండెను. అతడు 1947లో మిత్రులతో కూడి కలకత్తా ఫిల్మ్ సొసైటీని స్థాపించెను. ఫ్రెంచి దర్శకుడు రెన్వార్ బెంగాలునకు వచ్చినప్పుడు అతనితో తిరిగెను. 1950లో లండనున ‘బైసికిల్ థీవ్స్’ చూచెను.

4. ‘పథేర్ పాంచాలి’: ధనము, కాలము

‘పాంచాలి’ యనగానే తెలుగువానికి ద్రౌపది తోచును. బెంగాలీభాషలో పాంచాలి యనగా గానము చేయదగిన ఒక జానపద కథారచనాభేదము. ‘పథేర్ పాంచాలి’ యనగా దారిపాట అని అర్థము. ఇది 1929లో గ్రంథరూపమున వెలువడిన విభూతిభూషణ వంద్యోపాధ్యాయుని నవల. దీని సంక్షిప్తప్రతికి బొమ్మలు వేయుచు సత్యజిత్ రే 1940లలోనే దానిని చదివెను. చిత్రనిర్మాణసంకల్పమునకు మూల మీ బొమ్మల పని యని విద్యార్థులు గుర్తింపవలెను. అప్పటికి అతనిని ఏ ఉత్సవమును పిలువలేదు. కాన్ ఉత్సవమే ఇంకను కన్ను తెరువలేదు.

చిత్రీకరణము 1952 అక్టోబరు 27న ఆరంభమయ్యెను. రెల్లుపూల పొలములో అక్కాతమ్ముళ్లు రైలును చూచు ఘట్టము మొదట చేపట్టిరి. కొలది దినములకు మరల పోయి చూడగా ఆ పూలను పశువులు మేసియుండెను. ఆ ఘట్టమును ముగించుటకు మరుసటి ఋతువు వరకు వేచియుండవలసి వచ్చెను. ధనముగల నిర్మాతకు ఇది ఒకదిన నష్టము. ధనములేని నిర్మాతకు ఒక సంవత్సరపు నష్టము. స్వల్పవ్యయ చిత్రమున మిగులు డబ్బు కాలముగ మారి ఖర్చగునని దీనినిబట్టి తెలియుచున్నది.

ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర అంతకు పూర్వము చలనచిత్రమునకు కెమెరా పట్టినవాడు కాడు, వయస్సు ఇరువదియొకటి. కలకత్తా సమీపమందలి బోరాల్ గ్రామము చిత్రీకరణస్థలము. ముసలి అత్త ఇందిర పాత్రను ధరించిన చునీబాలాదేవి ఎనుబదియేండ్ల వృద్ధురాలు. సత్యజిత్ రే తన జీవితబీమా పాలసీమీద అప్పు తెచ్చెను. గ్రామఫోను రికార్డుల నమ్మెను. భార్య నగలు కుదువకు పోయెను. ఐనను పని పలుమారులు ఆగెను. ఈ విరామములలో పిల్లవాని గొంతు మారకుండుటయు, బాలిక పెద్దది కాకుండుటయు, వృద్ధురాలు మరణింపకుండుటయు మూడు అద్భుతములని అతడు తరువాతి కాలమున చెప్పుకొనెను. ఆ మూడింటిలో ఏ యొక్కటి తప్పినను నేడు ఈ చిత్రమును గూర్చి వ్రాయవలసిన అవసరమే కలుగకపోవును.

తుదకు ధనమిచ్చినది పశ్చిమబెంగాలు ప్రభుత్వము. ముఖ్యమంత్రి డాక్టరు బిధాన్ చంద్ర రాయ్ అనుమతించెను. చిత్రము పేరులో ‘దారి’ యుండుటచేత ఆ పైకము రోడ్ల అభివృద్ధి పద్దుక్రింద వ్రాయబడినదని ప్రసిద్ధి. చిత్రాంతమును మార్చి గ్రామాభివృద్ధి పథకమును చూపవలెనని ప్రభుత్వవర్గములనుండి సూచన రాగా, దర్శకుడు అంగీకరింపలేదు. మొత్తము వ్యయము సుమారు లక్షన్నర రూపాయలని అంచనా. దీనికి ప్రతిగా చిత్రముమీది ఆదాయము ప్రభుత్వమునకు చెందెను. కష్టకాలమున ఇచ్చినవారికి హక్కు చెందుట న్యాయమే. కాని పిమ్మట వచ్చిన విదేశీ ఆదాయమున దర్శకునికి భాగము లేకపోవుటయు ఈ చరిత్రలో ఒక భాగమే.

5. పంపినవారు, చూచినవారు

1954లో న్యూయార్కునందలి ఆధునిక కళా ప్రదర్శనశాలనుండి మన్రో వీలర్ కలకత్తాకు వచ్చి, అసంపూర్ణమైన చిత్రముయొక్క నిశ్చలచిత్రములను చూచి, తమ సంస్థ జరుపబోవు భారతీయకళా ప్రదర్శనమునకు దీనిని పంపవలెనని కోరెను. పిమ్మట అమెరికన్ దర్శకుడు జాన్ హ్యూస్టన్ కలకత్తాకు వచ్చి, ధ్వని చేర్చని కొంతభాగమును చూచి, అనుకూలముగ నివేదించెను. అంతటితో చిత్రమునకు ఒక గడువు ఏర్పడెను. రవిశంకరుడు ఒక్కరాత్రిలో సంగీతమును చాలవరకు ముగించెను. కూర్పరి దులాల్ దత్తతో కూడి సత్యజిత్ రే నిద్రాహారములు మాని ప్రతిని సిద్ధము చేసెను. 1955 మే 3న ఆ ప్రతి ఉపశీర్షికలైనను లేక న్యూయార్కున ప్రదర్శింపబడెను.

విదేశీసంస్థ ఇచ్చినది ధనము కాదు, కథ కాదు, దృష్టి కాదు; గడువు ఒక్కటి మాత్రమే. గడువు చిన్న విషయము కాదు. ముగియని గ్రంథములతో నిండిన మన పరిశోధనశాఖలవారికి ఈ మాట వివరింపనక్కరలేదు.

1955 ఆగస్టు 26న చిత్రము కలకత్తాలోని బసుశ్రీ థియేటరున విడుదలయ్యెను. మొదటివారములలో జనము పలుచగ నుండెను. పిమ్మట హాలు నిండెను. ఆ సంవత్సరపు ఉత్తమచిత్రముగ రాష్ట్రపతి స్వర్ణపతకము లభించెను. దారిద్ర్యమును చూపు చిత్రమును విదేశమునకు పంపుటయా యను సంశయము అధికారులలో కలుగగా, చిత్రమును చూచిన ప్రధాని జవాహర్‌లాల్ నెహ్రూ దానికి అండయై నిలిచెను. ఈ క్రమమును గమనింపవలెను. కలకత్తా ప్రేక్షకుడు ముందు. కాన్ నిర్ణేతలు ఎనిమిది మాసముల తరువాత. విదేశీయుల మెప్పును చూచి మనవారు మెచ్చిరనుట తేదీలకు విరుద్ధము.

1956లో కాన్ నగరమున చిత్రప్రదర్శనము జరిగిన రాత్రియే జపాను ప్రతినిధివర్గము విందు ఇచ్చెను. విమర్శకులలో పలువురు విందునకు వెడలిరి. హాలు చాలవరకు ఖాళీ. చూచిన కొలదిమంది పట్టుపట్టగా చిత్రము మరల ప్రదర్శింపబడెను. ‘గోల్డెన్ పామ్’ కూస్తో, లూయీ మాల్ దర్శకత్వమున వెలువడిన సముద్రగర్భచిత్రము ‘సైలెంట్ వరల్డ్’నకు పోయెను. ‘పథేర్ పాంచాలి’కి ‘మానవజీవిత పత్రము’ అను అర్థమిచ్చు పేరుతో ఒక ప్రత్యేకపురస్కారము లభించెను. దీనినిబట్టి ఉత్సవము న్యాయాధికరణము కాదని, అది ఒక సంత వంటిదని తెలియుచున్నది. సంతలో మంచి వస్తువును ఎవరును చూడక పోవుటయు, ఒకడు కేకవేసి పదిమందిని పిలుచుటయు రెండును జరుగును. ఆ కేక వేసినవారే ఈ చిత్రమును కాన్ నగరమున నిలిపినవారు.

6. దారిద్ర్యమును అమ్మిరను నింద

1980లో రాజ్యసభ సభ్యురాలైన ప్రఖ్యాతనటి నర్గీస్, సత్యజిత్ రే భారతదారిద్ర్యమును విదేశములకు ఎగుమతి చేయుచున్నాడని విమర్శించెను. ఈ మాట ఆమెతో పుట్టినది కాదు, ఆమెతో పోయినదియు కాదు. దీనివెనుక నున్న వేదనను మేము తేలికగ త్రోసిపుచ్చము. దేశము ప్రపంచమునకు ఒకే ముఖముతో కనబడుట ఆత్మగౌరవము గలవారికి బాధాకరమే.

అయినను రెండు ప్రశ్నలను వేరుచేయవలెను. విదేశీయులు ఒక చిత్రమును ఎట్లు చూచిరనునది ఒకటి. దర్శకుడు దానిని ఎందులకు తీసెననునది మరియొకటి. నవల బెంగాలీపాఠకుల కొరకు వ్రాయబడినది. చిత్రము బెంగాలీభాషలో, బెంగాలీ ప్రేక్షకుని కొరకు, ఉత్సవాహ్వానము లేకయే మొదలిడబడినది. ఎగుమతికై చేసిన సరుకునకు పెండ్లము నగలు కుదువపెట్టు వర్తకుడు ఉండడు. పైగా ఆ చిత్రమున దారిద్ర్యము సరుకుగ చూపబడలేదు. పండ్లతోటలో దొంగతనముగ ఏరిన కాయను ముసలిదానికి పెట్టు పిల్ల, మిఠాయివాని వెంట పరుగెత్తు పిల్లలు, వాన, రైలు—ఇవి దరిద్రుల జీవితమందలి సంపద. విదేశీయుడు వానిలో దారిద్ర్యము నొక్కటినే చూచినచో అది చూపుయొక్క దోషము. ఆ చూపును ఊహించి భయపడి మన చిత్రమును మనమే ఆపుకొనుట అంతకంటె గొప్ప దోషము.

7. తెలుగు ప్రయాణములు

1960లో ఏర్పడిన ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషను రోడ్ల పద్దుతో పనిలేకుండ స్వల్పవ్యయ చిత్రములకు అప్పు ఇచ్చు మార్గమును చూపెను. మృణాల్ సేన్ ‘భువన్ షోమ్’ (1969) ఆ అప్పుతో వెలువడినదే. ఆ మృణాల్ సేన్ 1977లో తెలుగున ‘ఒక ఊరి కథ’ తీసెను. ప్రేమ్‌చంద్ కథ ‘కఫన్’ దీనికి మూలము. నిర్మాత ఎ. పరంధామరెడ్డిగారు. వాసుదేవరావు, నారాయణరావు తండ్రికొడుకులుగ, మమతా శంకర్ నీలమ్మగ నటించిరి. హిందీ ఉర్దూ రచయిత కథ, బెంగాలీ దర్శకుడు, తెలుగు పల్లె: మూడు భాషలు కలిసిన ఈ చిత్రమున దర్శకునికి తెలుగు రాదు. పనిచేసినకొలది భూస్వామి బలియుననియు, కావున పనిచేయకుండుటయే తిరుగుబాటనియు నమ్మిన వెంకయ్య పాత్ర ఇందు ప్రధానము. ఆ తిరుగుబాటునకు మూల్యము చెల్లించునది మాత్రము అతడు కాదు, కోడలు.

ఈ చిత్రము 1978లో కాన్ నగరమున మేము పైన పేర్కొనిన ‘దర్శకుల పక్షము’న ప్రదర్శింపబడెను, అదే సంవత్సరము చెకోస్లోవేకియా దేశమున కార్లోవీ వారీ ఉత్సవమున నిర్ణేతల ప్రత్యేకపురస్కారము నందెను. ‘పథేర్ పాంచాలి’కి నెహ్రూ అండ కావలసి వచ్చెను, ‘ఒక ఊరి కథ’కు దర్శకుల విభాగములో అట్టి రాజముద్ర అవసరము లేకపోయెను. ద్వారము మారుటచే ఎట్టి కథ ప్రయాణింపగలిగెనో దీనివలన స్పష్టము.

పిమ్మట పదియేండ్లకు బి. నర్సింగరావుగారు ‘దాసి’ (1988) తీసిరి. తెలంగాణపు గడీలో అమ్ముడుపోయిన ఆడుబిడ్డ జీవితము దీనికి విషయము, అర్చన ప్రధానపాత్రధారిణి, కళాదర్శకులు చిత్రకారులైన వైకుంఠంగారు. జాతీయపురస్కారములతోపాటు 1989లో మాస్కో ఉత్సవమున యోగ్యతాపత్రము లభించెను. ఈ చిత్రమున గడి గోడ, కూలిపోవు వాకిలి, పనిమనిషి చీరకట్టు మున్నగునవి మాటలకంటె ఎక్కువ చరిత్రను చెప్పును. తెలంగాణ సామాజికచరిత్రను చదువు విద్యార్థికి అది ఆకరగ్రంథమువలె ఉపకరించును.

మూడవ విధమైన దారి 2018లో కనబడుచున్నది. విశాఖపట్టణమందలి కంచరపాలెమున, 80 మందికి పైగా స్థానికులను పాత్రధారులుగ గ్రహించి, వెంకటేష్ మహా అను యువదర్శకుడు ‘కేరాఫ్ కంచరపాలెం’ తీసెను. నిర్మాత్రి పరుచూరి ప్రవీణగారు అమెరికాయందలి వైద్యురాలు. చిత్రము న్యూయార్కు ఇండియన్ ఫిల్మ్ ఫెస్టివలునకు ఎన్నికయ్యెను. సురేష్ ప్రొడక్షన్స్ సంస్థ ముందునకు వచ్చి దానిని సమర్పింపగా, 2018 సెప్టెంబరు 7న థియేటర్లలో విడుదలయ్యెను. ఇచ్చట పంపినది రాజ్యము కాదు, దర్శకుల సంఘము కాదు, ప్రవాసాంధ్రుల అభిమానము. దీని విశేషము పోవుటయందు కంటె తిరిగివచ్చుటయందు ఎక్కువ. ‘నీచా నగర్’కు 1946లో లేని తిరుగుదారి దీనికి లభించినది.

ఆ తిరుగుదారియే 2024లో మరల కనబడెను. షాజీ కరుణ్ ‘స్వహం’ (1994) పిమ్మట ముప్పదియేండ్లకు కాన్ ప్రధానపోటీలో నిలిచిన భారతీయచిత్రము పాయల్ కపాడియా ‘ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్’. అది గ్రాన్ ప్రి నందెను. అయితే 1946 నాటివలె అది ఇప్పుడు ప్రథమబహుమానము కాదు, ద్వితీయము. ఫ్రాన్సు మున్నగు దేశముల సహనిర్మాణమైన ఆ మలయాళ హిందీ చిత్రమును భారతదేశమున పంపిణీ చేసినది రానా దగ్గుబాటిగారి స్పిరిట్ మీడియా. ధనము ఐరోపానుండి రాగా, ఇంటిదారి చూపినవాడు తెలుగువాడు.

8. దాచినవారు

ఇక మూడవ ప్రశ్న. 1993లో లండను నగరమున ఒక ఫిల్ము ప్రయోగశాలయందు అగ్నిప్రమాదము సంభవించెను. అచ్చట నుంచబడిన ‘పథేర్ పాంచాలి’ మూల నెగటివు కాలెను. కాలి మిగిలిన చుట్టలను అమెరికన్ చలనచిత్ర అకాడెమీ భద్రపరచెను. ఇరువది సంవత్సరముల పిమ్మట ఇటలీ దేశమున బొలోన్యా నగరమందలి నిపుణులు ఆ చుట్టలను చేతితో విప్పి, అంచులను అతికి, మసిని తుడిచి, క్రైటీరియన్ సంస్థ కొరకు పునరుద్ధరించిరి. మూల నెగటివులో 40 శాతము మాత్రము ఉపయోగపడెను. తక్కిన భాగము అమెరికాలోను బ్రిటనులోను భద్రపరచబడియున్న ఇతరప్రతులనుండి గ్రహింపబడెను. 2015 మే నెలలో పునరుద్ధృత చిత్రము ప్రదర్శింపబడినది, అరువదియేండ్ల క్రిందట మొదట చూపబడిన ఆ న్యూయార్కు కళాశాలయందే.

ఆ ప్రతులు అచ్చట ఏల యుండెను? చిత్రము అచ్చటికి పోయెను గనుక. తాళపత్రగ్రంథముల చరిత్ర తెలిసినవారికి ఇది క్రొత్త న్యాయము కాదు. ఒక్క ప్రతితో నిలిచిన కావ్యము చెదపురుగునకు గాని అగ్నికి గాని ఎరయగును. పలు ఊళ్లకు వ్రాయసకాండ్రు మోసికొని పోయిన కావ్యము బ్రతుకును. పాఠపరిష్కర్తకు ప్రత్యంతరము ఎట్టిదో, చలనచిత్ర పునరుద్ధారకునికి అన్యదేశప్రతి అట్టిది. చిత్రోత్సవము స్వల్పవ్యయ చిత్రమునకు ఇచ్చు శాశ్వతలాభము బహుమానము కాదు. తన ఊరినుండి బయలుదేరి పది ఊళ్లలో ప్రతి యొక్కటిగ నిలుచు అవకాశము.

9. ఉపసంహారము

పై పరిశీలనమువలన మేము చేరిన నిర్ణయము లివి. ఉత్సవము ఈ చిత్రములను పుట్టింపలేదు. వానికి గడువును, ద్వారమును, ప్రతులను మాత్రము ఇచ్చెను. పంపు చేతులు కాలమునుబట్టి మారినవి: రాజ్యము, దర్శకుల సంఘము, ప్రవాసులు. చూచు కన్నులు ఇంటను బయటను వేరైనను, ఇంటి ప్రేక్షకుని తీర్పు విదేశీబహుమానమునకు లోబడలేదు. దాచు బాధ్యత మాత్రము ఎవరికి వారు ఇతరులదని తలచిరి. దాని ఫలితమును 1993 నాటి అగ్ని చూపెను.

పుణె నగరమున 1964లో స్థాపింపబడిన జాతీయ చలనచిత్ర భాండారము ఈ బాధ్యతను కొంత వహించినది. కాని దేశమునకంతకు ఒక్క భాండారము చాలునని తలచుట, తెలుగు తాళపత్రములకు ఒక్క గ్రంథాలయము చాలుననుట వంటిది. నేటి స్వల్పవ్యయ చిత్రమునకు ఫిల్ము చుట్టలే లేవు. అది యంత్రమునందలి అంకెలుగ నున్నది. ఆ యంత్రము చెడినచో మసియైనను మిగులదు. ఉత్సవమునకు పోయివచ్చిన ప్రతి తెలుగుచిత్రముయొక్క ప్రతిని, చిత్రానువాదపు వ్రాతను, ఉత్తరప్రత్యుత్తరములను విశ్వవిద్యాలయ గ్రంథాలయములు అడిగి తెచ్చి దాచుట ఇందులకు మొదటి మెట్టు. ‘ఒక ఊరి కథ’, ‘దాసి’ చిత్రములమీద పరిశోధించు విద్యార్థి మొదట వ్రాయవలసినది ప్రశంస కాదు. ఏ ప్రతి ఎచ్చట, ఏ స్థితిలో నున్నదో తెలుపు పట్టిక. ఆ పట్టిక తయారైన పిమ్మట ప్రశంసకు కాలము చాలినంత మిగిలియుండును.